కిట్‌తో మీరే తీసుకున్న శాంపిల్ సరిపోతుందండి

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టెస్ట్ కోసం డాక్టర్ దగ్గరికెళ్లాలంటే సిగ్గు, పోనీ ఇంట్లోనే కిట్‌తో శాంపిల్ తీసుకుందామంటే తప్పుగా తీస్తానేమోనని కిట్ పక్కన పెట్టేశానన్నారు కదా. చాలామంది ఆడవాళ్లు ఆగిపోయేది ఇక్కడేనండి, నొప్పి భయం కంటే ఈ అనుమానమే ఎక్కువ. బ్రష్ గర్భాశయ ముఖద్వారం దాకా తగలాలని టెన్షన్ పడకండి, ఈ టెస్ట్ వెతికేది ఆ క్యాన్సర్‌కి కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్‌ని, అది యోని స్రావంలోనూ దొరుకుతుంది. ల్యాబ్‌లో పీసీఆర్ పద్ధతిలో (వైరస్ డీఎన్‌ఏని ఎన్నో రెట్లు పెంచి గుర్తించే పద్ధతి) చేస్తే మీరు తీసిన శాంపిల్ డాక్టర్ తీసిన శాంపిల్‌కి దాదాపు సమానంగా పనిచేస్తుంది, 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీన్ని ఒప్పుకుంది. పీరియడ్స్ లేని రోజు చూసుకుని, ఒక కాలు స్టూల్ మీద పెట్టి, ఒళ్లు వదులుగా ఉంచి, బ్రష్‌ని కిట్‌లో చెప్పినంత లోపలికి పెట్టి చెప్పినన్ని సార్లు తిప్పండి, అంతే. శాంపిల్ చాలకపోతే మళ్లీ పంపమంటారు. పాజిటివ్ అంటే క్యాన్సర్ అని కాదు, ఎక్కువమందిలో ఒకట్రెండేళ్లలో వైరస్ దానంతటదే పోతుంది, కానీ పాజిటివ్ వస్తే మాత్రం డాక్టర్‌కి చూపించుకోక తప్పదు. కలయిక తర్వాతో, మెనోపాజ్ అయ్యాకో రక్తం కనిపిస్తుంటే కిట్ సంగతి వదిలేసి నేరుగా గైనకాలజిస్ట్ దగ్గరికే వెళ్లండి.