రన్‌వే కలెక్షన్ చూసేటప్పుడు చూపు ఎక్కడ పెట్టాలి?

"ర్యాంప్ మీద కనిపించేవన్నీ ఎవరూ వేసుకోలేని వింత బట్టలే కదా, ఒక కలెక్షన్ గొప్పదని మీరు దేన్ని చూసి అంటారు?" అని ఒకరు నన్ను అడిగారు. నేనైతే వింతని పక్కన పెట్టి ముందు కట్, కుట్టు చూస్తాను.

షో మామూలుగా పది, పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. ఆ కాసేపట్లోనే ముప్పై నుంచి అరవై దాకా లుక్స్ (మోడల్ ఒక్కోసారి వేసుకొచ్చే పూర్తి దుస్తులు) వచ్చిపోతాయి. ఒక్కసారి చూసి ఏమీ చెప్పలేం. మొదటిసారి వీడియో సౌండ్ తీసేసి చూడండి. పాట, లైట్లు, సెట్టు కలిస్తే చప్పటి డ్రెస్ కూడా గొప్పగా అనిపిస్తుంది. భుజం ఎంత వెడల్పుంది, నడుము ఎక్కడ పడింది, అంచు ఎక్కడ ఆగింది, ఇంతవరకే గమనించండి. రెండోసారి మోడల్ వెనక్కి తిరిగిన చోటల్లా ఆపి వీపు చూడండి. ఫోటోలు జూమ్ చేయడం ఆ తర్వాతే.

నిలబడ్డ ఫోటోలో దాగే తప్పు నడకలో బయటపడుతుంది. చేయి ఊపినప్పుడల్లా జాకెట్ మొత్తం పైకి లేస్తోందంటే చంక కట్ బాగా కిందికి దిగిందన్నమాట. చంక వదులుగా ఉంటే చేయి బాగా ఆడుతుందని చాలామంది అనుకుంటారు, కానీ జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. చంకకి దగ్గరగా, పైకి కోసి, చేతి భాగాన్ని సరిగ్గా అమర్చిన జాకెట్‌లోనే చేయి ఎత్తినా ఒంటి భాగం కదలదు.

పడుగుకి (బట్టలో నిలువు దారాలకి) 45 డిగ్రీల్లో ఐమూలగా కోసిన గౌన్ల దగ్గర ఇంకాస్త ఆగండి. 1920, 30ల్లో పారిస్‌లో మడెలైన్ వియొనే అనే డిజైనర్ ఈ కట్‌ని ఎంత దూరం తీసుకెళ్లిందో చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఐమూల బట్ట తన బరువుకే సాగుతుంది, అదీ అన్నిచోట్లా ఒకేలా సాగదు. అందుకే కుట్టాక ఒకటి రెండు రోజులు వేలాడదీసి, సాగవలసింది సాగాక అంచు సరిచేస్తారు. తొందరపడి ముందే మడిచి కుడితే అంచు ఒకచోట పైకి, ఒకచోట కిందికి పోతుంది. జిప్ పక్కన అలల్లా ముడతలొస్తే, జిప్ వేసేటప్పుడు బట్ట సాగిపోయిందని గుర్తు.

నా దృష్టిలో అసలైన గొప్పతనానికి ఉదాహరణ ఫ్రెంచ్ డిజైనర్ ఈవ్ సాన్ లోరాన్ 1965లో చూపిన మోంద్రియాన్ డ్రెస్‌లు, అంటే మోంద్రియాన్ అనే చిత్రకారుడి రంగుగళ్ల పెయింటింగ్‌ల తరహావి. చూడగానే తెల్ల బట్ట మీద రంగుల గళ్లు అచ్చు వేశారనిపిస్తుంది. కాదు, ఒక్కో రంగు ఉన్ని జెర్సీని (అల్లిక బట్టని) విడివిడిగా కోసి అతికారు. ఒంటికి వంపులుంటాయి, వాటి కోసం డార్ట్‌లు (బట్టని మడిచి వేసే కోణపు కుట్లు) వేస్తే తెల్ల భాగంలో గీతలా కనబడి పెయింటింగ్ చెడిపోతుంది. అందుకని ఆ వంపులన్నిటినీ గళ్ల అతుకుల్లోనే కలిపేసి దాచేశారు. డ్రెస్ పలకలా నిటారుగా కనిపిస్తుంది, ఒంటికీ సరిపోతుంది.

జపాన్ డిజైనర్ ఇస్సే మియాకె ప్లీట్స్‌దీ (సన్నటి మడతల బట్టలదీ) ఇలాంటి తెలివే. డ్రెస్‌ని రెండున్నర నుంచి మూడు రెట్ల పెద్ద సైజులో ముందు కుట్టేసి, కాగితాల మధ్య పెట్టి వేడి ప్రెస్‌లోకి పంపిస్తారు. పాలియెస్టర్ కాబట్టి వేడికి పడిన మడత ఉతికినా పోదు.

ఇక "తమాషా" అనిపించే షోలు. డిజైనర్ అలెగ్జాండర్ మెక్వీన్ 1999 స్ప్రింగ్ కలెక్షన్ చివర్లో మోడల్ షాలోమ్ హార్లో తిరిగే పీట మీద నిలబడితే రెండు రోబోలు ఆమె తెల్ల గౌను మీద రంగు చిమ్మాయి. ఆ గౌను అంత వెడల్పుగా ఎందుకుందో ఆలోచించండి: రంగు పడటానికి చోటు కావాలి, తిరిగేటప్పుడు అన్ని వైపులా పడాలి. అక్కడ కట్‌కీ, జరిగే పనికీ పొత్తు కుదిరింది. ఆ పొత్తు లేకుండా ఊరికే ఆశ్చర్యపెట్టే షో నన్ను రెండోసారి పిలవదు.

ఒకే కట్ ఉన్నిలో ఒకసారి, సిల్క్‌లో ఒకసారి వస్తే ఆ రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టండి. ఉన్నిలో నిలబడిన భుజం సిల్క్‌లో కూలిపోతే, డిజైనర్ బట్ట మార్చాడు గానీ లోపల ఆకారం నిలబెట్టే గట్టి బట్ట (కాన్వాస్), అస్తరు మార్చలేదు.