"మా ఊరికి ఎప్పుడూ రాలేదు" అంటున్నారు, నమ్మొచ్చా?

ప్రశ్న: మాది చిన్న టౌన్ అండీ. ఏటికి దగ్గర్లో స్థలం తక్కువకి వస్తోంది, కొందామా అని ఆలోచన. ఊళ్లో పెద్దవాళ్లని అడిగితే మాకు ఊహ తెలిసినప్పట్నుంచి ఇక్కడిదాకా నీళ్లు రాలేదు అంటున్నారు. ఆ మాట మీద కొనేయొచ్చా?

జవాబు: ఆ ఒక్క మాట మీదే అయితే వద్దండి. పెద్దవాళ్లు అబద్ధం చెప్తున్నారని కాదు, మనిషి జ్ఞాపకం మహా అయితే డెబ్బై ఎనభై ఏళ్లు, ఏటికి కొండకి సముద్రానికి ఆ లెక్క సరిపోదు. కొలంబియాలో ఆర్మెరో అని ఒక టౌన్ ఉండేది, జనం దాదాపు 29 వేలు, ఎక్కడో దూరంగా కొండల్లో నెవాడో దెల్ రూయిజ్ అనే మంచు కప్పిన అగ్నిపర్వతం. 1985 నవంబర్ 13 రాత్రి తొమ్మిది దాటాక అది పేలింది, మరీ పెద్ద పేలుడేం కాదు, కానీ ఆ వేడికి పైనున్న మంచు కరిగి, ఆ నీళ్లు మట్టినీ బండల్నీ కలుపుకుంటూ నది లోయలో పడి రెండున్నర గంటల్లో ఊరిని ముంచేశాయి, దాదాపు 20 వేలమంది ఆ ఒక్క ఊళ్లోనే పోయారు. నాకు ఎప్పుడు చదివినా కడుపు తరుక్కుపోయేది ఏంటంటే సరిగ్గా ఆ చోటికే 1595లోనూ 1845లోనూ అలాంటి బురదే వచ్చింది. రెండోసారి బురద ఎండిపోయాక ఆ నేల మీదే ఈ ఊరు వెలిసింది, పంట బాగా పండే నేల కదా మరి. పేలడానికి నెల ముందు శాస్త్రవేత్తలు వేసిన మ్యాప్‌లో కూడా ఆర్మెరో ప్రమాదంలో ఉందని స్పష్టంగా ఉంది. చరిత్ర ఉంది, మ్యాప్ ఉంది, ఊరిని ఖాళీ చేయించడం మాత్రం జరగలేదు.

అంత దూరం ఎందుకు, గోదావరి సముద్రంలో కలిసే చోట కోరింగ రేవు తీసుకోండి. 1789 డిసెంబర్‌లో తుఫాన్ అలలు ఊడ్చేస్తే మళ్లీ కట్టుకున్నారు, యాభై ఏళ్లకి 1839 నవంబర్‌లో మళ్లీ ఉప్పెన, ఈసారి రేవు ఇక కోలుకోలేదు. యాభై ఏళ్లంటే మొదటిది కళ్లారా చూసినవాళ్లు ఊళ్లో ఎంతమంది మిగిలుంటారు చెప్పండి.

కాబట్టి మీరు చేయాల్సింది, "వచ్చిందా" అని అడగడం ఆపి "ఎక్కడిదాకా రాగలదు" అని చూడండి. దగ్గర్లో పాత వంతెన ఉంటే దాని స్తంభాల మీద వరద మట్టం గీత ఏమైనా ఉందేమో చూడండి, ఏటి లెక్కలు చూసే ప్రభుత్వ ఆఫీసులో ఇప్పటిదాకా వచ్చిన అత్యధిక మట్టం ఎంతో అడగండి, పాత మ్యాప్‌లో ఏరు ఇప్పుడున్న దారిలోనే పారుతోందా పక్కకి జరిగిందా అది కూడా. ఆ స్థలంలో నడుము లోతు గొయ్యి తవ్వించి చూడండి, నున్నటి గులకరాళ్లు గానీ పొరలు పొరలుగా ఇసుక ఒండ్రు గానీ కనబడితే ఏరు ఒకప్పుడు అక్కడిదాకా వచ్చిందన్నమాట. ఏం కనబడలేదంటే మాత్రం రాలేదని రుజువు కాదండోయ్.

ప్రశ్న: పోయినేడు మా ఊరికి వచ్చింది వందేళ్లకోసారి వచ్చే వరద అని పేపర్లో రాశారు. అంటే ఇంక మా తరానికి భయం లేనట్టేనా?

జవాబు: లేదండి, ఈ మాట చాలామందిని తప్పుదారి పట్టిస్తోంది. వందేళ్ల వరద అంటే ఏ ఏడాదికి ఆ ఏడాది నూటికి ఒక వంతు అవకాశం ఉన్న వరద అని, అంతే. పోయినేడు వచ్చిందా లేదా అన్నది ఏరు గుర్తుపెట్టుకోదు. ముప్పై ఏళ్లు అదే ఇంట్లో ఉంటే కనీసం ఒక్కసారైనా చూసే అవకాశం నూటికి 26 దాకా ఉంటుంది. జర్మనీలో పాసౌ అనే ఊళ్లో మూడు నదులు కలుస్తాయి, అక్కడ టౌన్‌హాల్ గోడ మీద ఏ ఏడాది నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గీతలు గీసి పక్కన సంవత్సరాలు రాసి ఉంటాయి. 1954లో 12.20 మీటర్లు, 2013లో 12.89, అంతకంటే పైన 1501 నాటిది. ఒకటి రెండు తరాల్లోనే రెండు రావొచ్చు, తర్వాత వందల ఏళ్లు రాకపోవచ్చు, ఆ గోడ ముందు నిలబడితే అర్థమైపోతుంది.

ప్రశ్న: ఇప్పుడు సైరన్లు, ఫోన్లో అలర్ట్‌లు అన్నీ వచ్చేశాయి కదా, ఎప్పటివో పాత కథలు తవ్వుకోవడం అవసరమా?

జవాబు: రెండూ కావాలండి. హవాయిలో హిలో అనే టౌన్‌కి 1946 ఏప్రిల్ 1న ఏ హెచ్చరికా లేకుండా సునామీ వచ్చింది, అందుకే తర్వాత సునామీ హెచ్చరికల కేంద్రం పెట్టారు. 1960 మేలో చిలీలో భూకంపం వస్తే హిలోలో రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలోనే సైరన్ మోగింది, అంటే నాలుగు గంటలకి పైగా టైమ్ ఉంది. అయినా చాలామంది కదల్లేదు, మొదటి అలలు చిన్నవి వచ్చేసరికి వెళ్లినవాళ్లలో కొందరు ఇంతేనా అని వెనక్కి వచ్చేశారు, అప్పుడొచ్చింది అసలు అల. 61 మంది పోయారు. ఆ రోజు కొట్టుకుపోయి దొరికిన ఒక గడియారాన్ని మళ్లీ స్తంభానికి నిలబెట్టారు, ముళ్లు ఇప్పటికీ 1:04 దగ్గరే ఉన్నాయి, కావాలనే కదపలేదు.

ఇండోనేషియాలో సిమెలూయె దీవికి 2004లో ఏ సైరనూ లేదు. 1907 సునామీ గురించి తాతలు నానమ్మలు పాటల్లో కథల్లో చెప్పిన ఒక్క మాట ఉంది, నేల గట్టిగా ఊగి సముద్రం వెనక్కి పోతే కొండెక్కండి అని. ఎక్కేశారు. దాదాపు 78 వేల జనంలో ఏడుగురే పోయారు. పాత కథ అనవసరం అని ఎలా అనగలం?

ప్రశ్న: నేను స్కూల్ టీచర్‌ని. పిల్లల చేత మా టౌన్‌లో వచ్చిన విపత్తుల చరిత్ర రాయిద్దామని ఉంది, కానీ రికార్డులేం దొరకట్లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: చాలా మంచి పని అండీ, దయచేసి మధ్యలో వదిలేయకండి. రికార్డు అంటే ఫైలే అనుకోకండి, పాత పేపర్లు, రైల్వే వంతెన మళ్లీ కట్టిన సంవత్సరం, శ్మశానంలో ఒకే తేదీతో ఉన్న సమాధులు, గుడి గోడ మీదో చర్చి గోడ మీదో చెక్కిన రెండు లైన్లు, అన్నీ రికార్డులే. జపాన్‌లో అనెయోషి అనే చిన్న పల్లెలో ఒక రాయి ఉంది, దీనికి కింద ఇళ్లు కట్టొద్దు అని చెక్కారు, 1933 సునామీ తర్వాత పెట్టింది. ఊళ్లోవాళ్లు ఆ మాట విన్నారు, 2011లో నీళ్లు ఆ రాయి కిందే ఆగాయి. ముసలివాళ్ల దగ్గరికి పంపేటప్పుడు పిల్లలకి ఒక చిన్న సంగతి చెప్పండి, ఏ సంవత్సరం అని అడగొద్దు, అప్పటికి మీకు పెళ్లయిందా, ఎవరు పుట్టారు, నీళ్లు ఏ మెట్టు దాకా వచ్చాయి అని అడగమనండి, సంవత్సరం తర్వాత మీరు లెక్కేసుకోవచ్చు. ఒకరు చెప్పింది ఇంకొకరితో సరిపోయాకే రాయించండి, వాళ్లు చూపించిన ఎత్తుని గోడ మీద పెయింట్‌తో గుర్తు వేయించి తేదీ రాయించండి, పుస్తకం పోయినా అది ఉంటుంది.