టైల్స్ వేసే ముందే నీళ్ల సంగతి తేల్చుకో

చి.ల.సౌ. అమ్మాయికి,

పెదనాయన దీవెనలు. కావలిలో మీ ఇంటి పై అంతస్తు పని బాత్రూముల దాకా వచ్చిందని, వచ్చే వారం మేస్త్రి టైల్స్ మొదలుపెడతానన్నాడని మీ నాయన ఫోన్లో చెప్పాడు. వాటర్‌ప్రూఫింగ్‌కి ఏం పూస్తున్నారని అడిగితే, "అదంతా మేస్త్రి చూసుకుంటాడులే" అన్నాడు. అప్పటి నుంచి నాకు మనసు కుదురుగా లేదు. టైల్స్ పని ఒక పది పదిహేను రోజులు ఆపించమ్మా. ఆలస్యమైనా ఫర్వాలేదు.

టైల్స్ నీళ్లను ఆపవు. వాటి సందుల్లోంచి రోజూ కొంచెం కొంచెం దిగుతూనే ఉంటాయి. ఆపాల్సింది కింద వేసే పూత. ఇన్నేళ్లలో ఒంగోలులో, నెల్లూరులో నన్ను పిలిచి చూపించిన బాత్రూములు చాలావరకు పైన అద్దంలా ఉన్నవే. కింద గదిలోకి వెళ్లి తలెత్తితే మాత్రం సీలింగు పెచ్చులూడుతుంటుంది.

మీ బాత్రూము స్లాబుని కిందికి దించి పోశారు కదా. మన వైపు అలవాటేమిటంటే, ఆ గుంత అడుగున ఒక పూత పూసి, పైపులు వేసి, ఇటుక ముక్కలతో నింపి, పైన గచ్చు చేసి టైల్స్ అంటిస్తారు. అడుగున పూత ఉందిగా, ఇంకేం భయం అంటారు. సందుల్లోంచి దిగిన నీళ్లు ఆ ఇటుక ముక్కల్లో చేరితే బయటికి పోయే దారేది? అక్కడే నిలిచిపోతాయి. మెల్లగా పక్క గది గోడకి చెమ్మ ఎక్కుతుంది, పెయింటు ఉబ్బుతుంది, ముక్క వాసన మొదలవుతుంది. అందుకని పూత రెండు చోట్ల ఉండాలి. ఒకటి గుంత అడుగున, ఇంకోటి వాటం, అంటే నీళ్లు పారే వాలు, తీసిన గచ్చు మీద, టైల్స్‌కి సరిగ్గా కింద. ఈ రెండోదాన్ని మేస్త్రి దండగ ఖర్చంటాడు. ఒప్పుకోవద్దు.

గుంత పూడ్చక ముందే పైపులకి ప్రెజర్ పంపు పెట్టి పరీక్ష చేయించు. లోపల జాయింటు కారుతుంటే పైన ఎంత పూసినా ప్రయోజనం లేదు.

ఇక వాటం. షవర్ దగ్గర అడుగుకి పావు అంగుళం ఉండాలి. ట్రాపు, అంటే నీళ్లు బయటికి పోయే తూము, దాని నుంచి ఎదుటి గోడ ఐదు అడుగుల దూరముంటే, ఆ గోడ దగ్గర గచ్చు ట్రాపు కన్నా అంగుళంపావు ఎత్తుండాలన్నమాట. మిగతా గదిలో అందులో సగం చాలు. ఈ వాటం గచ్చులోనే రావాలి. టైలు కింద జిగురు ఎక్కువతక్కువలు వేసి తెస్తే కుదరదు, ఎందుకంటే పూత ఆ గచ్చు మీదే ఉంటుంది, దాని మీదికి దిగిన నీళ్లు కూడా ట్రాపు వైపే నడవాలి. ముందు లెవెల్ పైపుతో, అంటే నీళ్లు నింపిన సన్నటి గొట్టంతో, నాలుగు గోడల మీద ఒకే మట్టానికి గీత కొట్టించు. గచ్చు ఆరాక ఆ గీత నుంచి కిందికి టేపు పెట్టి మూలమూలనా నువ్వే కొలువు. తర్వాత గోడ వారగా ఒక చెంబు నీళ్లు పోసి చూడు. ఎక్కడైనా మడుగు కట్టిందంటే అక్కడ అప్పుడే సరిచేయించు. మీ అత్తగారికి మోకాళ్ల నొప్పులన్నావు కదా, షవర్ చుట్టూ గట్టు వద్దు. వాటం సరిగ్గా వస్తే గట్టు అవసరమే రాదు. గుమ్మం దగ్గర మాత్రం బాత్రూము టైలు బయటి గచ్చు కన్నా అర అంగుళమైనా కిందికుండాలి, పూత గడప రాయి కింది దాకా వెళ్లాలి.

పూతకి సిమెంటు పొడి, పాలిమర్ ద్రవం కలిపి వేసే రెండు పార్టుల మందు బాగుంటుంది. గోడా గచ్చూ కలిసే మూలల్ని ముందు సిమెంటు మాలుతో గుండ్రంగా తిప్పించు. అక్కడ ఫైబర్ మెష్ పరిపించి పూయించు, పగుళ్లు మొదలయ్యేది మూలల్లోనే. బ్రష్షు ఒకసారి అడ్డంగా, అది ఆరాక ఇంకోసారి నిలువుగా నడవాలి. గోడల మీదికి ఒక అడుగు, షవర్ ఉన్న గోడలకి ఆరడుగులు ఎక్కించాలి. ఎండల్లో పని పెట్టుకుంటే గచ్చుని కాస్త తడిపి, నీళ్లు నిలవకుండా తుడిచి పూయించు, లేకపోతే వడగాలికి పూత అతుక్కోకముందే ఎండిపోతుంది. కార్తీక మాసం వానల్లో అయితే ఆరడానికి రెట్టింపు టైం ఇవ్వు. మాలు కలపడానికి ఉప్పు బోరు నీళ్లు వాడనివ్వకు, తర్వాత సందుల్లో తెల్లగా ఉప్పు పూస్తుంది.

ట్రాపు మూతి చుట్టూ చూడు. స్లాబుకి బెజ్జం కొట్టి పైపు దింపి చుట్టూ మామూలు మాలు కుక్కేస్తుంటారు. అది కుంచించుకుపోయి సన్నటి సందు వదులుతుంది. కుంచించుకుపోని గ్రౌట్, అంటే సందులు పూడ్చే మందు, పోయించి, పూతని ట్రాపు మూతి లోపలికి దింపించు. ట్రాపులో రెండు అంగుళాల నీళ్లు నిలిచే రకం తీసుకో, లేకుంటే బొద్దింకలూ వాసనా తప్పవు.

అన్నిటికన్నా ముఖ్యం నీళ్లు కట్టి చూడటం. పూత బాగా ఆరాక ట్రాపు మూసి, గుమ్మానికి అడ్డు కట్టి, రెండంగుళాల నీళ్లు పెట్టి రెండు రోజులు వదిలేయి. గోడ మీద పెన్సిల్ గీత పెట్టు. అదే గదిలో, వెడల్పాటి తొట్టిలో నీళ్లు పోసి దానికీ గీత పెట్టు. రెండూ ఒకేలా తగ్గితే ఆవిరైనట్టు. గచ్చు మీద నీళ్లే ఎక్కువ తగ్గితే కారుతున్నట్టు. కింద సీలింగుని పొద్దునా సాయంత్రం టార్చి వేసి చూడు. గుంత అడుగు పూతకి ఒకసారి, పైపూతకి ఒకసారి, రెండుసార్లూ చేయించు.

చీమకుర్తి గనులు మన వైపే ఉన్నాయని నల్ల గ్రానైటు పరిపిద్దామని మీ ఆయన అన్నాడట. గడపకి వాడుకోండి, దానికి మించిన రాయి లేదు. షవర్ కింద మాత్రం వద్దు. పాలిష్ రాయి మీద సబ్బు నీళ్లు పడితే పెద్దవాళ్లకి ప్రమాదం, పైగా బోరు నీళ్ల తెల్ల మరకలు నలుపు మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. జారని రకం, అడుగుకి అడుగు టైల్స్ తీసుకో. పెద్ద టైల్స్ వాటానికి వంగవు. అంటించేది టైల్ అడ్హెసివ్‌తోనే, అదీ పళ్ల తాపీతో మొత్తం పరిచి. నాలుగు మూలలా నాలుగు ముద్దలు పెట్టి నొక్కడాన్ని ఒప్పుకోకు. మర్నాడు వేలి కణుపుతో తట్టి, డొల్లగా మోగినవి తీయించు. గచ్చు టైల్స్ సందులకి ఎపాక్సీ గ్రౌట్, గోడా గచ్చూ కలిసే గీతకి సిలికాన్ వేయించు.

గాజు తలుపు బిగించేవాడు గచ్చుకి డ్రిల్లు పెట్టబోతాడు, దగ్గరుండి ఆపు. గోడకే బిగించమను. కింద గది సీలింగుకి పెయింటు అన్నిటికన్నా చివర పెట్టుకో. నీళ్లు కట్టే రోజు చెప్తే పొద్దున్నే బస్సెక్కి వస్తాను.

దీవెనలతో,
పెదనాయన