కుమికో డిజైన్‌ని సీఎన్సీలో కోయిస్తే సరిపోతుందా? నా అనుభవం

మీరు అడిగినవి రెండు. సన్నటి చెక్క బద్దల్ని మేకులు లేకుండా ఒకదాంట్లో ఒకటి కూర్చి చేసే జపాన్ కుమికో జాలీని ఇవాళ్టి హోటళ్లు, కేఫ్‌లు, ఫ్లాట్లలో ఎలా వాడుతున్నారు? అదే డిజైన్‌ని ఎండీఎఫ్ (చెక్క పొడిని జిగురుతో అదిమి చేసిన) షీటు మీద సీఎన్సీతో, అంటే కంప్యూటర్ నడిపే కోత మెషీన్‌తో, కోయించి హైదరాబాద్ ఇంట్లో హాలుకీ డైనింగుకీ మధ్య పెడితే తేడా ఏముంటుంది? నేను ఫుకుఓకాలో ఉంటాను. ఉద్యోగం సాఫ్ట్‌వేర్, సెలవు దొరికితే చెక్కపని. రెండోదానికే ముందు జవాబు చెప్తాను.

తేడా అంతా చెక్క గ్రెయిన్‌లో, అంటే నారల దిశలో ఉంది. కుమికోలో ఏ బద్దకి ఆ బద్ద విడిగా తీస్తారు కాబట్టి ప్రతిదానికీ గ్రెయిన్ పొడవునా నడుస్తుంది. అందుకే మూడు మిల్లీమీటర్ల హినోకి (జపాన్ సైప్రస్ చెక్క) బద్ద కూడా నిలబడుతుంది. ఆ ఆకారాన్నే ఒక్క చెక్క పలకలో కోస్తే, కొన్నిచోట్ల గ్రెయిన్ అడ్డంగా పడి వేలితో నొక్కగానే పుటుక్కున విరుగుతుంది. ఎండీఎఫ్‌కి గ్రెయిన్ గొడవ లేదు, కానీ అంత సన్నగా కోస్తే దానికి బలమూ ఉండదు. దాంతో గీతలు లావు చేస్తారు. లావయ్యాక అది కుమికోలా కాదు, వెంటిలేటర్ గ్రిల్లులా కనిపిస్తుంది.

అలాగని జపాన్‌లో అంతా చేత్తోనే చేస్తారనుకోకండి. చదరపు గళ్లకి సగం లోతు గాడులు మెషీన్ మీద కోసే వర్క్‌షాపులు చాలానే ఉన్నాయి, అందులో తప్పేమీ లేదు. చెయ్యి కావాల్సింది గళ్ల లోపల నింపే చిన్న ముక్కల దగ్గర. ఆసానోహా అని నక్షత్రాల్లా కనిపించే డిజైన్ ఉంది కదా, దాని చదరపు రకంలో ముందు గడికి అడ్డంగా మూల నుంచి మూలకి ఒక బద్ద దిగుతుంది. తర్వాత రెండు పక్కలా సన్నటి ముక్కలు, చివరికి వాటిని బిగించే పొట్టి ముక్క. చివర్లన్నీ 45, 22.5, 67.5 డిగ్రీల ఏటవాలు. ఆ కోణంలో చెక్కిన దిమ్మ మీద ముక్కని ఆనించి, ఉలితో పొర పొరగా తీయాలి. పొట్టి ముక్క ఒక్క వెంట్రుకవాసి ఎక్కువుంటే గడి ఉబ్బుతుంది, తక్కువుంటే ఊడి ఒళ్లో పడుతుంది. సరిగ్గా కుదిరితే బొటనవేలితో నొక్కగానే చిన్న చప్పుడుతో దిగి, అప్పటిదాకా వదులుగా ఆడుతున్న ముక్కలన్నీ కదలకుండా కూర్చుంటాయి. నా మటుకు నాకు ఈ పనిలో సరదా అంతా అక్కడే.

ఇక మొదటి ప్రశ్న. కుమికో పుట్టింది కాగితం అంటించిన షోజీ జారుడు తలుపుల కోసం, గదుల మధ్య గుమ్మాల పైన పెట్టే రాన్మా పలకల కోసం. ఇప్పుడు కట్టే ఫ్లాట్లలో తతామీ (గడ్డి చాపలు పరిచిన) గదులు తగ్గాయి, రాన్మాకి చోటే లేదు. పని నిలవాలంటే కొత్త చోటు వెతుక్కోక తప్పలేదు. మా దగ్గరి ఒకావా ఊరు ఫర్నిచర్‌కీ, కుమికోకీ పేరున్నది. 2013లో మొదలైన సెవెన్ స్టార్స్ ఇన్ క్యూషూ లగ్జరీ రైలు లోపల ఆ ఊరి కుమికోనే వాడారు. టోక్యోలో ఇది ఇంకా పాత సంగతి: 1962లో యోషిరో తానిగుచి డిజైన్ చేసిన హోటల్ ఒకురా లాబీలోనే ఆసానోహా జాలీ ఉండేది. ఆ భవనం కూల్చి 2019లో కొత్తది తెరిచినప్పుడు, ఆయన కొడుకు యోషియో తానిగుచి ఆ లాబీని మళ్లీ అలాగే నిలబెట్టారు.

మా దగ్గరి దజాయిఫు గుడికి వెళ్లే దారిలో ఆర్కిటెక్ట్ కెంగో కుమా చేసిన స్టార్‌బక్స్ (2011) ఫొటో మీరు చూసే ఉంటారు. దాన్ని కుమికో అనలేం. 6 సెంటీమీటర్ల చదరపు కర్రలు దాదాపు 2,000 ఏటవాలుగా అల్లారు. కానీ ఆలోచన కుమికో తరహాదే. నాలుగు కర్రలు ఒకే బిందువులో కలిస్తే అక్కడ కోతలెక్కువై చెక్క మిగలదు. అందుకని రెండేసి జతలుగా కొంచెం పక్కకి జరిపారు. ఈసారి కాఫీ తాగుతూ తల పైకెత్తి చూడండి, స్పష్టంగా తెలుస్తుంది. సెల్ఫీలు తీసుకునేవాళ్లు ఎక్కువ, అతుకులు చూసేవాళ్లు తక్కువ.

మీ ఇంటికొస్తే, గోడంత జాలీ వద్దు. ఇక్కడ కూడా ఎక్కువ భాగం సాదా నిలువు బద్దలు వదిలి, ఒక మూలలోనో ఒక వరసలోనో డిజైన్ నింపుతారు. చూడ్డానికీ బాగుంటుంది, డబ్బూ మిగులుతుంది. వెనక తెల్ల అక్రిలిక్ పెట్టి ఎల్ఈడీ వేయమని ఇంటీరియర్ వాళ్లు కచ్చితంగా అంటారు. వద్దనండి, లోతు చచ్చిపోయి స్టిక్కర్ అంటించినట్టుంటుంది. దీపం పక్క నుంచి పడితేనే బద్దల మందం, నీడ తెలుస్తాయి.

కలపకి టేకు వద్దని కాదు గానీ, అందులో ఉండే సిలికా వల్ల ఉలి పదును తొందరగా పోతుంది, ఇంత చిన్న ముక్కలకి అది పెద్ద తలనొప్పి. ముడులు లేని, బాగా ఆరిన పైన్ దొరికితే మీ వడ్రంగి గారితో ముందు ఒక్క గడి చేయించి చూడండి. మొత్తం జాలీని ఫ్రేములో మరీ బిగించకుండా చుట్టూ కాస్త సందు వదలమనండి. ఎండాకాలం బిగించింది వానాకాలం ఉబ్బి విల్లులా వంగుతుంది. ఓపెనింగ్ కొలతలు కామెంట్లో పెడితే గడి ఎంత ఉండాలో లెక్క వేసి చెప్తాను.