340 స్పీడు బోనా, మెత్తగా లాగే 315 బోనా? నేనైతే 315 తెమ్మంటా

తమ్ముడూ, నీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీది ఒంగోలు. మీ బావ డాలస్ నుంచి పండక్కి వస్తా కాంపౌండ్ బో (చివర్ల చక్రాలుండే విల్లు) తెస్తానన్నాడు. రెండు మోడళ్ళ ఫొటోలు పంపాడు. ఒకదాని మీద 340 ఎఫ్‌పీఎస్ (బాణం సెకనుకి పోయే అడుగులు) అని ఉంది, బ్రేస్ హైట్ (తీగకీ పిడికీ మధ్య దూరం) 6 అంగుళాలు. రెండోది 315, బ్రేస్ హైట్ 7. రెండూ వేటకి చేసినవే, రెండూ లాగడానికి 70 పౌండ్ల బరువువి. నీ ఎత్తు అయిదడుగుల ఏడంగుళాలు, ఇంతవరకు విల్లు పట్టలేదు. తోటలో టార్గెట్ కొట్టుకోవాలి, కుదిరితే పోటీలకి పోవాలి. చివర్లో "అడవి పందులకి కూడా పనికొస్తుంది గదన్నా" అని ఒక ముక్క.

ఆ చివరి ముక్క సంగతి ముందు తేల్చేద్దాం. పనికిరాదు. పంది వేరుశనగ చేనులో పడితే ఏమవుతుందో నాకు చెప్పనక్కర్లేదు, ఉదయగిరి వైపు మా చుట్టాలు రాత్రుళ్ళు మంచె మీదే పడుకుంటారు. అయినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా వేటాడటం నేరం, చంపబోయి గురి తప్పినా అది వేట కిందే లెక్క. పంట పోతే అటవీ శాఖకి అర్జీ పెట్టుకోవాల్సిందే. మీ బావతో బ్రాడ్‌హెడ్లు (వేటకి వాడే పదునైన బ్లేడు మొనలు) తేవద్దని చెప్పు. టార్గెట్‌కి వాడే మామూలు మొనలు, ఫీల్డ్ పాయింట్లు చాలు.

నాది కావలి. ఉద్యోగం మీద పెన్సిల్వేనియాలో ఉన్న రోజుల్లో అక్కడ హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు చదివి, లైసెన్సు తీసుకుని, సీజన్లో జింకల వేటకి పోయేవాణ్ణి. ఇక్కడికొచ్చాక టార్గెట్ మీదే. అంటే ఈ రకం విల్లుని చలిలో కోటు మీద కోటు వేసుకుని లాగాను, రోహిణి కార్తెలో చెమట కారుతా కూడా లాగాను. రెండు చోట్లా నాకు పనికొచ్చింది స్పీడు కాదు.

ముందు ఆ 340 సంగతి చూడు. అది నీ చేతిలో వచ్చే వేగం కాదు. కంపెనీలు ఆ అంకెని 70 పౌండ్ల డ్రా వెయిట్ (లాగే బరువు), 30 అంగుళాల డ్రా లెంగ్త్ (లాగే పొడవు), 350 గ్రెయిన్ల (బాణం బరువు కొలత) బాణం పెట్టి కొలుస్తాయి. తీగ మీద పీప్ (గురి చూసే చిన్న రంధ్రం) లాంటి తగిలింపులేవీ ఉండవు. నీ డ్రా లెంగ్త్ ఎంతో ఉజ్జాయింపుగా తెలియాలంటే చేతులు బారజాపి వేలి కొస నుంచి వేలి కొసకి కొలిచి 2.5తో భాగించు. నీ ఎత్తుకి 27 దగ్గర తేలుతుంది. డ్రా లెంగ్త్ ఒక అంగుళం తగ్గితే సుమారు 10 ఎఫ్‌పీఎస్ పోతుంది, అంటే అక్కడే 30 పోయింది. 70కి బదులు 60 పౌండ్లు పెట్టుకుంటే ఇంకో 15, 20. బాణం బరువు ప్రతి మూడు గ్రెయిన్లకి ఒక ఎఫ్‌పీఎస్ చొప్పున పోతుంది కాబట్టి 400 గ్రెయిన్ల బాణానికి మరో 16. పీప్, డీ-లూప్ (రిలీజ్ మీట పట్టుకునే చిన్న తాడు ఉచ్చు) తగిలించాక ఇంకో అయిదు. నీ చేతిలో ఆ 340 కాస్తా 270 అవుతుంది. ఇంచుమించు ఇదే కోత 315కి వేస్తే 248 దగ్గర ఆగుతుంది.

సరే, 270కీ 248కీ తేడా ఉంది గదా అంటావు. ఉంది. గాలి నిరోధం పక్కన పెట్టి లెక్కేస్తే, 30 గజాల దూరానికి మొదటి బాణం 21 అంగుళాలు కిందికి జారుతుంది, రెండోది 25. కానీ సైట్ పిన్ (విల్లు మీది గురి చుక్క) ఆ దూరానికి పెట్టుకున్నాక ఆ జారుడు నీకు కనపడదు. అసలు తేడా దూరం తప్పుగా అంచనా వేసినప్పుడు బయటపడుతుంది. 33 గజాలని 30 అనుకుని కొట్టావనుకో, వేగం బాణం రెండున్నర అంగుళాలు కింద పడుతుంది, నెమ్మది బాణం మూడు. అర అంగుళం! దీనికోసమా చేయి నొప్పి పుట్టించుకునేది? పైగా టార్గెట్ మైదానంలో దూరం ముందే కొలిచి ఉంటుంది. ఆరుబయట కాంపౌండ్ పోటీ 50 మీటర్ల నుంచి, 72 బాణాలు. అంచనా వేసే పనే లేదు.

వేటలోనైనా స్పీడు జనం అనుకునేంత గొప్పదేం కాదు. తీగ చప్పుడు వినగానే జింక కిందికి కుంగి దూకుతుంది, అందుకే స్పీడు కావాలంటారు. శబ్దం సెకనుకి 1100 అడుగులకి పైనే పోతుంది. 20 గజాల్లో అది జింక చెవికి 0.05 సెకన్లలో చేరుతుంది, 270 బాణానికి 0.22 సెకన్లు పడుతుంది. 248 బాణానికి 0.24. ఎటుచూసినా చప్పుడే ముందు. ఆ రెండు వందో వంతుల కోసం ఎగబడే కన్నా చప్పుడు తక్కువ చేసే విల్లు మేలు. సాధారణంగా వేగం కోసం బిగించిన విల్లే ఎక్కువ మోగుతుంది, అదొక తమాషా.

ఇప్పుడు లాగడం సంగతి. ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే "స్మూత్ డ్రా" అని అమ్మేవాళ్ళు చెప్పేది సగమే. కాంపౌండ్ విల్లులో చివర్లుండే క్యామ్‌లు అనే చక్రాలు తిరిగే కొద్దీ బరువు మారుతుంది. బండిని గట్టు ఎక్కించడం గుర్తు తెచ్చుకో. మెత్తటి క్యామ్‌లో గట్టు వాలుగా ఉంటుంది, పైన కాసేపే బరువు, అవతల నెమ్మదిగా దిగుతావు. స్పీడు క్యామ్‌లో గట్టు నిటారు, మొదటి కొన్ని అంగుళాల్లోనే 60 పౌండ్లూ మీద పడతాయి, చివరి దాకా అట్టే ఉంటాయి, ఉన్నట్టుండి అవతలికి జారిపోతావు. రెండింటి మీదా "60 పౌండ్లు" అనే రాసుంటుంది. నువ్వు పడే శ్రమ మాత్రం ఒకటి కాదు. పడిన శ్రమంతా విల్లులో శక్తిగా నిలవుంటుంది, అందులో ఎక్కువ భాగం బాణానికి పోతుంది. కాబట్టి ఒకే పౌండ్లలో స్పీడు ఎక్కువిచ్చే విల్లు నీ భుజం దగ్గర ఎక్కువే వసూలు చేస్తుంది.

ఆ జారిన తర్వాతి చోటునే వ్యాలీ అంటారు. అసలు సుఖం తెలిసేది అక్కడే. స్పీడు క్యామ్‌లో వ్యాలీ ఇరుకు. గురి చూస్తా వీపు కొంచెం వదులు చేశావా, తీగ నీ చేతిని ముందుకి ఈడ్చుకుపోతుంది. మెత్తటి క్యామ్‌లో కాస్త ఏమరుపాటున ఉన్నా ఓర్చుకుంటుంది. కొత్తవాడికి ఈ ఓర్పే కావాలి. బాణం వదలకుండా విల్లుని మెల్లగా తిరిగి దించడం చూడు, అది అంతకన్నా ముఖ్యం. కొట్లో అందరూ లాగి చూస్తారు, దించి చూసేవాళ్ళు తక్కువ. స్పీడు విల్లుని దించేటప్పుడు భుజం ఊడొచ్చినంత పనవుతుంది. దించడానికి భయపడేవాడు గురి కుదరకపోయినా బాణం వదిలేస్తాడు.

లెట్-ఆఫ్ గురించి అడిగావు. పూర్తిగా లాగాక ఎంత శాతం బరువు తగ్గుతుందో అదే లెట్-ఆఫ్. 60 పౌండ్లకి 80 శాతమైతే చేతిలో 12 పౌండ్లు, 85 అయితే 9, 90 అయితే 6. ఎంత ఎక్కువైతే అంత మంచిదని అనుకోవద్దు. చెట్టు మీద కూర్చుని జింక ఇటు తిరిగేదాకా పట్టుకోవాలంటే 85, 90 హాయి. టార్గెట్ మీదైతే చేతిలో మరీ తేలికైన విల్లు పిన్నుని అటూ ఇటూ ఈదిస్తుంది. అందుకే పోటీల వాళ్ళు కొంచెం బరువు చేతిలో ఉంచుకునేటట్టు 65, 75 మధ్య కోరుకుంటారు. క్యామ్ మీది మాడ్యూలు అనే ముక్కని మార్చి లెట్-ఆఫ్ మార్చుకునే మోడలైతే నీకు రెండు విధాలా పనికొస్తుంది.

బ్రేస్ హైట్ అంటే లాగకముందు తీగకీ పిడికీ మధ్య దూరం. ఆరంగుళాలైతే తీగ బాణాన్ని ఎక్కువ దూరం నెట్టుకుపోతుంది, అందుకే వేగం. అంతసేపూ బాణం తీగని అంటిపెట్టుకునే ఉంటుంది కాబట్టి నీ మణికట్టు మెలిక కూడా బాణంలోకి పోతుంది. ఇది మన వైపు వాతావరణంలో బాగా తెలుస్తుంది. మే నెల్లో ఉదయం ఎనిమిదింటికే అరచేయి జిడ్డుగా చెమట, పిడి జారుతుంది, పట్టు బిగిస్తావు, బిగిస్తే మెలిక. ఆపైన పొట్టి చేతుల చొక్కా. తీగ వచ్చి ముంజేతికి కొడితే ఆ వాత వారం కనపడుతుంది. ఏడంగుళాల బ్రేస్ హైట్ ఇక్కడివాళ్ళకి సరైనది, నా మాట విను.

పెన్సిల్వేనియాలో నా పక్క చెట్టు స్టాండులో (వేటకి చెట్టు మీద కూర్చునే చోటు) మా ఆఫీసు మిత్రుడొకడు ఉండేవాడు. బాగా కండ ఉన్న మనిషి, 70 పౌండ్ల స్పీడు విల్లు. వేసవిలో రేంజిలో అవలీలగా లాగేవాడు. నవంబరులో తెల్లవారుజాము నుంచి చలిలో కదలకుండా కూర్చున్నాక అదే విల్లుని లాగాలంటే ముందు ఆకాశానికి ఎత్తి, అక్కడి నుంచి కిందికి దింపుతా లాగాల్సొచ్చేది. కొమ్ముల జింక 20 గజాల్లో ఉండి ఆ ఎత్తడం చూసి వెళ్ళిపోయింది. విల్లు ఎంత స్పీడైతే ఏం లాభం!

అందుకని పరీక్ష ఇట్టా చెయ్యమని మీ బావకి చెప్పు, లేదా వచ్చాక నువ్వు చెయ్. కుర్చీలో కూర్చో. బాణాన్ని తీగకి తగిలించి, రిలీజ్‌ని (తీగని పట్టుకుని వదిలే మీట) డీ-లూప్‌కి పట్టించి, విల్లు చేయి టార్గెట్ వైపే పెట్టి, పైకి ఎత్తకుండా నేరుగా వెనక్కి లాగు. అరనిమిషం పట్టుకో. మెల్లగా దించు. మళ్ళీ లాగు. విల్లు పైకి లేచినా, దించేటప్పుడు ముందుకి ఈడ్చుకుపోయినా, పౌండ్లు తగ్గించాల్సిందే. బాణం లేకుండా మాత్రం లాగొద్దు. పొరపాటున తీగ చెయ్యి జారితే లింబులు (విల్లుకి పైనా కిందా వంగే చేతులు) పగిలి ముక్కలు మొహం మీదికొస్తాయి. పండక్కి ఇంటికొచ్చే పిల్లకాయలు "ఒక్కసారి లాగి వదలనా మామా" అంటారు చూడు, అప్పుడు జాగ్రత్త. మరీ తేలిక బాణం కూడా విల్లుకి ఇంచుమించు అంతే. పౌండుకి 5 గ్రెయిన్లకి తగ్గకూడదు, అంటే 60 పౌండ్లకి కనీసం 300. నేను చెప్పిన 400 విల్లుకి చల్లగా ఉంటుంది, చప్పుడూ తగ్గుతుంది.

పౌండ్ల విషయంలో ఇంకొకటి. "70 తెచ్చి తర్వాత తగ్గించుకుంటా" అంటున్నావు. చాలా విల్లులు బోల్టులు వదులు చేస్తే పది పౌండ్ల దాకా దిగుతాయి, నిజమే. కానీ నీకు ఆ 60 కూడా మొదట్లో ఎక్కువ. వరల్డ్ ఆర్చరీ నిబంధనల ప్రకారం కాంపౌండ్‌కి పోటీల్లో 60 పౌండ్లు దాటకూడదు. కాబట్టి 50 నుంచి 60 మధ్య తిరిగే లింబులతో తెప్పించుకో, 50 దగ్గర మొదలుపెట్టు. స్పీడు కోసం డ్రా లెంగ్త్ ఒక అంగుళం పెంచుదామని మీ బావ అంటే ఒప్పుకోవద్దు. పొడవెక్కువైతే మోచేయి బిగుసుకుంటుంది, దవడ దగ్గర చేయి ఆనే చోటు రోజుకోరకంగా మారుతుంది.

మన వైపు ఇంకో ఇబ్బంది ఉంది. కాంపౌండ్ తీగ మార్చాలంటే బో ప్రెస్ (విల్లుని నొక్కి పట్టే యంత్రం) కావాలి. నాకు కావలిలో గానీ నెల్లూరులో గానీ దొరకలేదు, విజయవాడలో తెలిసినవాళ్ళ దగ్గర చేయించుకుంటా. కాంపౌండ్ ఆర్చర్ జ్యోతి సురేఖ ఊరు గదా, కాంపౌండ్ తెలిసినవాళ్ళు అక్కడున్నారు. నీకు దాదాపు 150 కిలోమీటర్లు. కాబట్టి ప్రెస్ అక్కర్లేకుండా మరలు తిప్పి డ్రా లెంగ్త్ మార్చుకునే క్యామ్ ఉన్నది తీసుకో. వేగం క్యామ్‌ల తీగలు ఎక్కువ ఒత్తిడి మీద ఉంటాయి, వాటికి సర్దుబాటు కూడా తరచు కావాలి. ఎండలో ఆపిన కారులో విల్లు పెట్టకు. తీగ సాగుతుంది, రెండు క్యామ్‌లు ఒకే సమయానికి తిరగవు, పీప్ పక్కకి తిరిగిపోతుంది. అప్పుడు ఎన్ని ఎఫ్‌పీఎస్‌లున్నా గురి కుదరదు.

ఇన్ని చెప్పాక స్పీడు బో ఎవరికి అంటావా? చేయి పొడుగ్గా ఉండి, ఏళ్ళ తరబడి లాగిన వీపుండి, దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ లేకుండా తెలియని దూరాల్లోని జంతువుల బొమ్మలని కొట్టే 3డీ పోటీలు ఆడేవాళ్ళకి. వాళ్ళకి ఆ అర అంగుళం పాయింట్ల కింద వస్తుంది.

రెండు చేతులూ బారజాపిన కొలత, నీ బలమైన కన్ను కుడో ఎడమో చూసి ఇక్కడ రాయి. రెండు కళ్ళూ తెరిచి చూపుడువేలు దూరంగా ఉన్న స్తంభానికి పెట్టి, తర్వాత ఒక్కో కన్ను మూసి చూస్తే, ఏ కంటికి వేలు కదలకుండా ఉందో అదే బలమైనది. విల్లు ఆ చేతివాటందే తెప్పించుకోవాలి, ఇది తప్పితే మార్చడం కుదరదు. కొలత వచ్చాక బాణం పొడవు, స్పైన్ (బాణం ఎంత గట్టిగా ఉండాలో చెప్పే కొలత) ఎంత తెమ్మనాలో చెప్తా.