ఎనభయ్యారు వరదలో పడవ నడిపింది ఎవరు?

ప్రశ్న: "మనం ఎవరమన్నది మనం చెప్పుకునే కథల్లో, రోజువారీ కబుర్లలో తయారవుతుందంటారు. ఇది పుస్తకాల మాటేనా, మీరెక్కడైనా కళ్ళారా చూశారా?"

చూశానండి. మాది కోనసీమలో ఏటిగట్టుని ఆనుకున్న ఊరు. అక్కడ పెరిగినవాళ్ళకి ఇది చూడకుండా ఉండటమే కష్టం.

రావులపాలెంలో అమలాపురం బస్సెక్కండి. పక్క సీట్లో పెద్దాయన "మీదేవూరండి?" అంటాడు. చెప్పగానే "ఎవరి తాలూకండి?" అని రెండో ప్రశ్న. చాలా మర్యాదైన ప్రశ్న. కులం అడక్కుండా కులం తెలుసుకునే ప్రశ్న కూడా. మీ ఉద్యోగం, జీతం ఆయనకి తర్వాతి సంగతి. ముందు మిమ్మల్ని ఎవరి మనవడిగానో, ఎవరి అల్లుడిగానో ఒక కథలో కూర్చోబెట్టాలి. "తొంభయ్యారు తుఫానుకి తోటంతా పడిపోతే మళ్ళీ మొక్కలేయించారు, ఆయన మనవడివా!" అన్నాక ఇంక మీరు 'నువ్వు' అయిపోతారు. దిగేలోపు భోజనానికి కూడా పిలుస్తాడు.

మా వైపు వయసులు కూడా ఇలాగే చెప్పుకుంటారు. ఫలానావాడు పుష్కరాలకి పుట్టాడు, ఫలానా పిల్ల తుఫానప్పటికి చంకలో ఉంది. ఏ పుష్కరాలో ఎవరూ అడగరు, మనిషిని చూస్తే తెలుస్తుందిగా.

అసలు చెప్పాల్సింది వరద కథ. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక 17 లక్షల దగ్గరే ఎగరేస్తారు, అంటే దానికి రెట్టింపు నీరన్నమాట. మా ఊరికి ఎదురుగా ఉన్న లంక మునిగిపోయింది. మా అరుగు మీద చెప్పే కథలో తాతగారు పడవ తీయించి, పాకల మీదెక్కి కూర్చున్న జనాన్ని ఒడ్డుకి చేర్చారు. చుట్టాలొస్తే చాలు, బాబాయి ఈ కథ ఎత్తుకుంటాడు. "మన ఊరివాళ్ళు కాదు, మన పొలాలు కాదు, అయినా వెళ్ళేరు" అన్నచోట గొంతు పెంచుతాడు. పిన్ని వంటింట్లోంచి "గేదెల్ని కూడా తెచ్చారు" అని అందిస్తుంది. అప్పటికి మా పాలేరు మెట్ల కింద నిలబడి ఉంటే, బాబాయి అటు తిరిగి "ఏరా, అంతేకదా?" అంటాడు. అతను "ఆయ్" అంటాడు. దాంతో కథకి సాక్ష్యం కూడా అయిపోయింది.

నేను ఇంటర్ చదివేటప్పుడు ఓ సాయంత్రం రేవు దగ్గర టీ కొట్లో అదే మనిషి ఆ కథే చెబుతుంటే విన్నాను. వెనక బల్ల మీద నేనున్నది అతను చూసుకోలేదు. ఆ కథలో మా తాతగారు ఉన్నారు, కాకపోతే గట్టు మీద గొడుగేసుకుని ఉన్నారు. పడవలో గెడ వేసింది ఇతను. సుడి ఎక్కడ తిరుగుతోందో, తాడిచెట్టు మొవ్వు నీళ్ళ మీదకి ఎంత కనబడుతోందో, పడవని దానికి ఏ పక్కనుంచి తిప్పాలో టీ గ్లాసు పక్కనబెట్టి రెండు చేతులతో గాల్లో గీసి చూపించాడు. ఓ ముసలమ్మ కోడిపెట్టని వదిలి రానంటే "దానికీ చోటుంది గానీ ముందు నువ్వెక్కవే తల్లీ" అన్నాడట. కొట్లో అందరూ నవ్వారు. అతని మాటలో 'ఆయ్' లేదు, 'అండి' లేదు. "ఇటు తిప్పమాకు మునుగుద్ది అంటే ఇన్నాడా ఆడు?" అని ఇంకో పడవ వాణ్ణి తిడుతున్నాడు. మా మెట్ల కింద ఈ మనిషిని నేనెప్పుడూ చూడలేదు.

ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు. తాతగారి పురమాయింపు లేకపోతే ఆ పడవ కదిలేది కాదు, ఇతను లేకపోతే తిరిగొచ్చేది కాదు.

విలియం లేబోవ్ అనే అమెరికన్ భాషాశాస్త్రవేత్త, జాషువా వాలెట్స్కీతో కలిసి 1967లో సొంత అనుభవాల కథల మీద ఓ వ్యాసం రాశాడు. ఏం జరిగిందో వరసగా చెప్పడంతోనే కథ అయిపోదని, ఇది ఎందుకు చెప్పుకోదగ్గదో తెలిసేలా చెప్పేవాడు విలువ కట్టే చోట్లు కూడా అందులో ఉంటాయని అంటారు. మా వరద కథకి ఇది అచ్చంగా సరిపోతుంది. బాబాయి గొంతు పెంచేది పెద్దమనిషి తరహా దగ్గర, పాలేరు చేతులు తిప్పేది పనితనం దగ్గర. నేను కలిపేది ఒక్కటే: వినేవాళ్ళు. టీ కొట్టు నవ్వులు అతన్ని మొనగాణ్ణి చేశాయి. అరుగు మీద మమ్మల్ని పెద్దింటివాళ్ళని చేసింది మాత్రం అతని 'ఆయ్'.

అందుకే "మేం గోదావరోళ్ళం, మర్యాదస్తులం" అని ఎవరైనా అంటే నాకు పూర్తిగా మింగుడుపడదు. మర్యాద ఉంది, కాదనను. కానీ అరవై ఏళ్ళ మనిషిని మా ఈడు పిల్లలు 'ఏరా' అంటుంటే, ఆయన తిరిగి "చిన్నబాబుగారండి" అనడం కూడా ఆ మర్యాదలో భాగమే. మేం మా గురించి చెప్పుకునే కథలో ఆ సగం ఎప్పుడూ రాదు.

ఈ లేబోవే అంతకుముందు, 1963లో, మార్థాస్ వైన్‌యార్డ్ అనే దీవి మీద ఓ అధ్యయనం అచ్చువేశాడు. వేసవిలో బయటి జనం వచ్చిపడే చోటది. దీవిని వదలకూడదు అనుకున్నవాళ్ళ నోట్లో కొన్ని అచ్చులు దీవి యాసలో మరీ గట్టిగా పలికేవట. హైదరాబాద్ ఆఫీసులో నా పరిస్థితి దాదాపు ఇదే. ఇంట్లో ఎప్పుడూ అనని నేను, ఇక్కడ మేనేజర్ ఏదైనా చెప్పగానే "ఆయ్, అలాగేనండి" అంటాను. అందరూ నవ్వుతారు, టెన్షన్ తగ్గుతుంది, కోనసీమవాడినన్న పేరు నిలబడుతుంది. నా 'ఆయ్'కి ఖర్చేం లేదు. మెట్ల కింద నిలబడి అన్న 'ఆయ్' అలాంటిది కాదు.

2022 జులైలో మళ్ళీ 25 లక్షలు దాటిన వరదొచ్చినప్పుడు నేను ఊళ్ళోనే ఉన్నాను. అప్పటికి మా పాలేరు పెద్దాయన పోయాడు. కువైట్‌లో డ్రైవరుగా చేసి వచ్చిన వాళ్ళబ్బాయి, గట్టు మీద నలుగురిలో, బాబాయి ముందే అన్నాడు: "ఎనభయ్యారులో మా నాన్నేనండి పడవ నడిపింది." బాబాయి ఓ క్షణం ఆగి, "అవున్రా, మీ నాన్నే. గట్టి గెడ వేసేవాడు" అన్నాడు. అబ్బాయి అక్కడితో ఆగకుండా ముసలమ్మ కోడిపెట్ట కథ కూడా చెప్పాడు, జనం నవ్వారు, బాబాయీ నవ్వాడు. ఆ తర్వాతి సంక్రాంతికి కొత్తల్లుడొచ్చాడు. అరుగు మీద బాబాయి వరద కథ ఎత్తుకున్నాడు. పడవలో మళ్ళీ తాతగారే ఉన్నారు, కాకపోతే ఈసారి కోడిపెట్ట కూడా ఉంది.