సెలవు చీటీ నుంచి ఉగ్గుగిన్నె దాకా

తిరుపతి, చిత్తూరు వైపు నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఏడో నెల దాటిన గర్భిణులవే. ఒకే సందేహం పలువురు అడిగినచోట ఒక్క ప్రశ్నగా కలిపి జవాబిస్తున్నాం.

ఒక ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీ అకౌంట్స్ సెక్షన్‌లో మూడేళ్లుగా పనిచేస్తున్నాను. మొదటి కాన్పు. డాక్టరమ్మ నవంబరు 20 అని డేటు ఇచ్చారు. ఇప్పుడు 30 వారాలు నిండాయి. ఎనిమిది వారాల ముందే సెలవు పెట్టాలని, లేకపోతే ఆ రోజులు పోతాయని ఆఫీసులో అంటున్నారు. నిజమేనా? (తిరుపతి)

నిజం కాదు. మొదటి రెండు కాన్పులకు మొత్తం 26 వారాల సెలవు ఉంటుంది. అందులో కాన్పుకు ముందు వాడుకోగలిగింది గరిష్ఠంగా ఎనిమిది వారాలు. 'గరిష్ఠంగా' అన్న ఆ మాటే మీ ఆఫీసు వాళ్లు మరిచిపోయారు. ముందు వాడనివి ఎక్కడికీ పోవు, కాన్పు తర్వాత కలుస్తాయి. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణకు ముందు ఈ సెలవు 12 వారాలే ఉండేది. డేటుకు ముందరి 12 నెలల్లో కనీసం 80 రోజులు అక్కడ పనిచేసి ఉంటే చాలు, మీకు ఆ ఇబ్బంది లేదు.

లెక్క వేసి చూడండి. 26 వారాలంటే 182 రోజులు. ఆదివారాలు, పండగలు అన్నీ ఇందులోనే. సెప్టెంబరు 25న మొదలుపెడితే మార్చి 25తో అయిపోతుంది, అప్పటికి బిడ్డకు నాలుగు నెలలు దాటి అయిదు రోజులు. అదే నవంబరు 6న మొదలుపెడితే మే 6 దాకా ఉంటుంది, బిడ్డకు అయిదున్నర నెలలు. ఆరు నెలలు తల్లిపాలే పట్టాలి కాబట్టి ఈ తేడా చిన్నది కాదు. కూర్చుని చేసే పని, బీపీ సరిగ్గా ఉంది, ప్రయాణం దగ్గరే అంటే 38 వారాల దాకా పనిచేయడంలో తప్పు లేదు. బీపీ పెరిగినా, ముందే నొప్పులు వచ్చే సూచన ఉన్నా ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి డాక్టరు చెప్పిన రోజునే ఇంట్లో ఉండండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. డేటు దాటి వారం ఆలస్యంగా కాన్పు అయితే ఆ వారం మీ 182 రోజుల్లోంచే పోతుంది, విడిగా కలపరు. నెలలు నిండకుండా కాన్పు అయినా, కాన్పు వల్ల జబ్బు చేసినా డాక్టరు సర్టిఫికెట్ మీద ఇంకో నెల దాకా జీతంతో సెలవు అడగవచ్చు. ఇది చాలామందికి తెలియదు, ఆఫీసులూ గుర్తు చేయవు.

సెలవు చీటీ నోటితో కాదు, కాగితం మీదో మెయిల్‌లోనో ఇవ్వండి. కాన్పు డేటు, సెలవు మొదలయ్యే రోజు, ముగిసే రోజు, మీ తరఫున డబ్బు తీసుకోగలిగినవారి పేరు అందులో ఉండాలి. డాక్టరు సర్టిఫికెట్ జతచేసి, అందినట్టు సంతకమో జవాబు మెయిలో తీసుకోండి. చట్టం ప్రకారం కాన్పుకు ముందరి రోజుల డబ్బు ముందే ఇవ్వాలి, మిగతాది బిడ్డ పుట్టిన రుజువు చూపిన 48 గంటల్లో ఇవ్వాలి. నెలనెలా జీతంలాగే వేయడం మీకు వీలుగా ఉంటే ఆ మాటా చీటీలోనే రాయండి. ఆస్పత్రి ఖర్చు కంపెనీ భరించకపోతే 3,500 రూపాయల మెడికల్ బోనస్ విడిగా రావాలి. హఠాత్తుగా నొప్పులొచ్చి చీటీ ఇవ్వలేకపోయినా హక్కు పోదు.

పని అప్పగించడం మాత్రం నవంబరు 6 దాకా ఆపకండి. అక్టోబరు 23కు మీకు 36 వారాలు నిండుతాయి, అప్పటికే అంతా అప్పగించేయాలి. జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు సంతకాలు, పోర్టల్‌కు ఓటీపీ వచ్చే ఫోన్ నంబరు లాంటివి ముందే మార్పించండి. నంబరు మార్చడం మరిస్తే బాలింత మంచం మీద ఓటీపీలు చెబుతూ కూర్చోవాల్సి వస్తుంది.

కాంట్రాక్టరు ద్వారా రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలో రెండేళ్లుగా పనిచేస్తున్నాను. జీతం 16,000. కాంట్రాక్టు వాళ్లకు కాన్పు సెలవు లేదని సూపర్‌వైజరు అంటున్నాడు. ఎనిమిది గంటలు నిలబడే ఉండాలి. (రేణిగుంట)

కాంట్రాక్టరు ద్వారా చేరినా సెలవు ఉంది. పే స్లిప్పు తీసి చూడండి, ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) కింద నెలకు 120 రూపాయలు కోత పడుతూ ఉండాలి. జీతం 21,000 దాటనివాళ్లకు ఈఎస్‌ఐ వర్తిస్తుంది, కాన్పు సెలవు డబ్బు ఇచ్చేది కంపెనీ కాదు, ఈఎస్‌ఐ. అందుకే సూపర్‌వైజరుతో వాదన అనవసరం. ఈఎస్‌ఐ డాక్టరు దగ్గర గర్భం సర్టిఫికెట్, డేటు సర్టిఫికెట్ తీసుకుని బ్రాంచి ఆఫీసులో క్లెయిమ్ పెట్టండి. ముందరి రెండు చందా కాలాల్లో (ఒక్కోటి ఆరు నెలలు) కలిపి 70 రోజుల చందా కట్టి ఉండాలన్నది షరతు. రెండేళ్ల సర్వీసులో కాంట్రాక్టరు ఎగ్గొట్టకుండా కట్టి ఉంటే మీకు సరిపోతుంది. కట్టాడో లేదో ఇప్పుడే చూసుకోండి, తొమ్మిదో నెలలో కాదు. క్లెయిములు ఆగిపోయేది ఎక్కువగా పేర్ల దగ్గరే: ఆధార్‌లో భర్త ఇంటిపేరు, ఈఎస్‌ఐలో పుట్టింటి ఇంటిపేరు, బ్యాంకులో ఇంకొకటి. మూడూ ఒకేలా ఉండాలి.

నిలబడే పని మార్చమని రాసివ్వండి. డేటుకు పది వారాల ముందు నుంచి, మీరు అడిగితే, ఎక్కువసేపు నిలబడే పనీ బరువు పనీ చెప్పకూడదు. దానికి జీతం కోయకూడదు.

మాది తిరుపతి, పుట్టిల్లు పలమనేరు. ఎనిమిదో నెలలో పొలిమేర దాటకూడదని అమ్మ తొమ్మిదో నెలలో రమ్మంటోంది. ఎప్పుడు వెళ్లాలి, ఏమేం తీసుకెళ్లాలి? (తిరుపతి)

తొమ్మిదో నెల పెట్టేసరికి దాదాపు 35 వారాలు అవుతాయి. ఆ వారంలోనే వెళ్లిపోతే అమ్మ మాటా నిలుస్తుంది, డాక్టరు మాటా నిలుస్తుంది. 36 దాటాక అంత దూరం కారు ప్రయాణం పెట్టుకోవద్దు.

అంతకంటే ముందు తేల్చుకోవాల్సినది ఒకటుంది. అర్ధరాత్రి రెండు గంటలకు ఆపరేషన్ కావలసి వస్తే మీరు అనుకుంటున్న ఆస్పత్రిలో మత్తు డాక్టరు వస్తారా, రక్తం దొరుకుతుందా? అడిగి చూడండి, మొహమాటం వద్దు. లేదంటే నొప్పులతో మొగిలి ఘాట్ దిగి చిత్తూరుకు రావాలి, అక్కడా కుదరకపోతే తిరుపతికి ఇంకో 70 కిలోమీటర్లు. బీపీ, కవలలు, మొదట సిజేరియన్ అయి ఉండటం, మాయ కిందికి ఉండటం, నెగెటివ్ బ్లడ్ గ్రూపు, వీటిలో ఏదున్నా మీరు వెళ్లడం కాదు, అమ్మనే తిరుపతికి పిలిపించుకోండి. అన్నీ బాగుంటే వెళ్లండి. కొత్త డాక్టరు మిమ్మల్ని కాన్పుకు ముందు కనీసం రెండుసార్లు చూసి ఉండాలి.

ఫైలులో అన్నింటికంటే పైన ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల రక్షణ కార్డు) పెట్టండి. దాని కింద బ్లడ్ గ్రూపు, చివరి హిమోగ్లోబిన్, షుగరు, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి రిపోర్టులు ఉండాలి. తర్వాత స్కానింగులు. చాలామంది ఆఖరి స్కానింగు తెచ్చి, మూడో నెలలోపు తీసిన మొదటిదాన్ని ఇంట్లో వదిలేస్తారు. కాన్పు డేటు నమ్మకంగా తేలేది ఆ మొదటిదాంట్లోనే. చివరి స్కానింగు బిడ్డ సైజు చూసి లెక్కవేస్తుంది కాబట్టి రెండు మూడు వారాలు అటూ ఇటూ చూపిస్తుంది. డేటు దాటిందో లేదో తెలియక కొత్త డాక్టరు తికమకపడేది అప్పుడే. అన్నింటికీ ఫోటోలు తీసి భర్త ఫోన్లో, అమ్మ ఫోన్లో ఉంచండి. ఆధార్, రేషన్ కార్డు, ఇన్సూరెన్సు కార్డు కూడా.

సంచులు రెండు కట్టండి. మీ సంచిలో ముందు తెరుచుకునే నైటీలు నాలుగు, పెద్ద ప్యాడ్లు రెండు ప్యాకెట్లు, దుప్పటి, చెప్పులు, ఫ్లాస్కు, ఛార్జరు. బిడ్డ సంచిలో టోపీలు, మేజోళ్లు, అర డజను జబ్లాలు, ఎనిమిది పది పొత్తిగుడ్డలు. పొత్తిగుడ్డలకు నాన్నగారి పాత నూలు పంచె మించినది లేదు. మీటరు ముక్కలుగా చింపి, ఉతికి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ పెట్టి కవర్లో కట్టండి. కొత్త గుడ్డలైతే గంజి పోయేదాకా రెండుసార్లు ఉతకాలి. బీరువాలో కలరా ఉండల మధ్య దాచిన బట్టలు మాత్రం నేరుగా బిడ్డకు వేయకండి. ఆ ఉండల్లోని నాఫ్తలీన్ వల్ల కొందరు పసిపిల్లల్లో ఎర్రకణాలు పగిలి కామెర్లు ముదురుతాయి. మళ్లీ ఉతికి, ఎండబెట్టి, వాసన పూర్తిగా పోయాకే వాడండి.

అసలు నొప్పులని ఎలా తెలుస్తుంది? ఏమైతే ఆస్పత్రికి పరుగెత్తాలి? (చిత్తూరు)

నడిచినా, పడుకున్నా, నీళ్లు తాగినా తగ్గకుండా వస్తూ, రానురానూ దగ్గరపడేవి అసలు నొప్పులు. మొదటి కాన్పులో అయిదు నిమిషాలకొకటి, ఒక్కోటి నిమిషంపాటు, అలా గంటసేపు వస్తే బయల్దేరండి. రెండో కాన్పు వాళ్లూ, ఆస్పత్రి దూరమైనవాళ్లూ అంతదాకా ఆగకూడదు.

ఉమ్మనీరు పోతే నొప్పులు లేకపోయినా వెళ్లాలి. ప్యాడ్ పెట్టుకుని, ఎన్నింటికి పోయిందో, ఏ రంగో చూడండి. పచ్చగా ఉంటే బిడ్డ లోపలే మలం వదిలిందని అర్థం, ఆలస్యం చేయవద్దు.

రక్తం పోవడం, తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి, ముఖం ఉబ్బడం, జ్వరం, ఫిట్స్... వీటికి టైము లెక్కలు లేవు. బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపిస్తే ఏదైనా తిని ఎడమవైపు తిరిగి పడుకుని లెక్కపెట్టండి. రెండు గంటల్లో పది రాకపోతే ఆ రాత్రికే వెళ్లాలి. 'తెల్లారాక చూద్దాం' అనే మాట ఇక్కడ పనికిరాదు.

తిరుపతిలో ఉన్నవాళ్లకు ఒక మాట. డేటు బ్రహ్మోత్సవాల రోజుల్లో పడితే, ముఖ్యంగా గరుడ సేవ రోజు అలిపిరి వైపు ట్రాఫిక్ మళ్లిస్తారు. ఆస్పత్రికి రెండో దారి ముందే చూసిపెట్టుకోండి. బండి దొరక్కపోతే 108. ప్రభుత్వాస్పత్రిలో కాన్పు అయితే తిరిగి ఇంటికి దింపడానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఉంది.

అత్తమ్మ ఇప్పటినుంచే ఉగ్గుగిన్నె, ఆముదం, తేనె, సాంబ్రాణి సిద్ధం చేస్తున్నారు. బాలింత నీళ్లు తాగకూడదంటున్నారు. ఆమె మనసు నొప్పించకుండా ఏవి ఒప్పుకోవచ్చు? (శ్రీకాళహస్తి)

ఒప్పుకోవాల్సినవి చాలానే ఉన్నాయి. వెల్లుల్లి కారం, మునగాకు, మెంతులు, రాగిజావ, నెయ్యి, గోరువెచ్చని నీళ్లు అన్నీ మంచివే. బిడ్డకు మెత్తగా నూనె రాయడమూ మంచిదే. నీళ్లు మానడం మాత్రం కుదరదు. పాలిచ్చే ప్రతిసారీ ఒక గ్లాసు పక్కన ఉండాలి. లేకపోతే మలబద్ధకం, మూత్రంలో మంట, కుట్లు వేసినచోట నరకం.

బిడ్డ విషయంలో గట్టిగా ఉండండి. తేనెలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి ఏడాదిలోపు పిల్లల నరాలను దెబ్బతీసే విషాన్ని పుట్టిస్తుంది. నాకించేంత తేనె కూడా వద్దు. ఆముదం ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. సాంబ్రాణి పొగా ఊపిరితిత్తులకే దెబ్బ, కావాలంటే మీ తలకు పట్టించుకోండి, బిడ్డను వేరే గదిలో ఉంచి. కాటుక కంట్లో వద్దు. బొడ్డుకు పసుపు, బూడిద, పౌడరు ఏవీ రాయకుండా పొడిగా వదిలేస్తే దానంతటదే రాలుతుంది. పుట్టిన బిడ్డ రొమ్ములు కొద్దిగా ఉబ్బి ఉంటే పాలు తీయాలని పిండుతారు, చీము పట్టేది అలాగే. తల్లి హార్మోన్ల వల్ల వచ్చిన ఆ ఉబ్బు కొన్ని వారాల్లో తగ్గిపోతుంది.

గంటలోపు ముర్రుపాలు పట్టాలి. రోజుకు 8 నుంచి 12 సార్లు పాలివ్వాలి. అయిదో రోజు తర్వాత రోజుకు ఆరుసార్లు మూత్రం పోస్తుంటే పాలు సరిపోతున్నాయని అత్తమ్మకు చూపించండి. మాటలకంటే తడిసిన గుడ్డలు బాగా ఒప్పిస్తాయి. ఉగ్గుగిన్నె పారేయక్కర్లేదు, పిండిన తల్లిపాలు పట్టడానికి పనికొస్తుంది.

భర్తగా నేను ముందే చేసుకోవాల్సిన పనులేమిటి? నాది ప్రైవేటు ఉద్యోగం. (పుత్తూరు)

ప్రైవేటు రంగంలో తండ్రికి చట్టపరమైన సెలవు లేదు. ఉన్న ఈఎల్స్ (ఎర్న్‌డ్ లీవులు) దాచుకుని, ఆస్పత్రి రోజుల్లో సగం, ఇంటికి తెచ్చిన వారంలో సగం వాడండి. ఆస్పత్రిలో నర్సులుంటారు, ఇంట్లో మీరే. ఆమె గ్రూపు రక్తం ఇవ్వగలిగిన ఇద్దరిని మాట్లాడి ఉంచండి, మీ రక్తం మాత్రం భార్యకు వద్దు. అది తర్వాతి కాన్పుల్లో బిడ్డకు చిక్కులు తేవచ్చు.

జనన నమోదు 21 రోజుల్లోపు, బిడ్డ పుట్టిన ఊళ్లోనే జరుగుతుంది. పుట్టిల్లు పలమనేరైతే సర్టిఫికెట్ పలమనేరుదే. డిశ్చార్జికి ముందే ఆస్పత్రి రాసుకున్న అమ్మానాన్నల పేర్లు ఆధార్‌తో అక్షరం అక్షరం పోల్చండి. బిడ్డ పేరు ఏడాదిలోపు చేర్చవచ్చు, తొందర లేదు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవారికి బడి చేరిక నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి ఈ సర్టిఫికెట్టే ఆధారం, తప్పు పడితే అన్నిచోట్లా వెంటాడుతుంది. పుట్టగానే వేయాల్సిన బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి కార్డులో రాశారో చూడండి. హెపటైటిస్ బి 24 గంటల్లోపు పడాలి.

సెలవయ్యాక పాలు పిండి పెట్టి వెళ్లవచ్చా? (తిరుపతి)

వెళ్లవచ్చు. చల్లటి గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు నిలవ ఉంటాయి. తిరుపతి ఎండల్లో ఆ నాలుగు గంటల లెక్క నమ్మకండి, పిండగానే ఫ్రిజ్‌లో పెట్టండి. తలుపు అరలో కాదు, లోపల వెనక్కి. మూతమీద తేదీ రాయండి. గిన్నెలో వేడినీళ్లు పోసి అందులో సీసా ఉంచి వెచ్చచేయాలి, పొయ్యి మీద కాదు. బిడ్డ తాగగా మిగిలినవి మళ్లీ దాచవద్దు. ఒక సీసాలో 60 మిల్లీలీటర్లకు మించి నింపకపోతే వృథా తక్కువ.